2015 ఎక్స్5కు గేర్‌బాక్సు, క్రౌన్ ఆయిళ్లు ఇంట్లో మార్చుకోవచ్చా?

వేరుశనగ, అనంతపురం:

అందరికీ నమస్కారం. నాది ట్రాక్టరు విడిభాగాల దుకాణం. ఇరవై రెండేళ్లుగా గ్రీజు వాసన మధ్య బతుకుతున్న మనిషిని కాబట్టి బండి కింద దూరడానికి భయం లేదు. భయమల్లా ఈ ఒక్క బండి కింద దూరడానికే.

రెండేళ్ల కిందట బెంగళూరులో ఒక డాక్టరు గారి దగ్గర 2015 నాటి బీఎండబ్ల్యూ ఎక్స్5 డీజిల్ కొన్నాను. మా ఆవిడ దాన్ని పేరు పెట్టి పిలవదు, ‘ఏనుగు’ అంటుంది. కొన్నదానికంటే మేతకే ఎక్కువవుతుందని ఆమె లెక్క. మొన్న 94 వేల కిలోమీటర్లు దాటింది. గేర్‌బాక్సు ఆయిల్ ఒక్కసారైనా మార్చినట్టు పాత కాగితాల్లో ఎక్కడా లేదు. బెంగళూరులో ఒక సర్వీసు సెంటరులో అడిగితే, అది జీవితకాలం ఉండే ఆయిల్, ముట్టుకోనక్కర్లేదు అన్నారు. ఎవరి జీవితకాలం, బండిదా నాదా అని అడిగాను. ఆ అబ్బాయి నవ్వాడే తప్ప చెప్పలేదు. ఇంకో చోట మార్చి తీరాలన్నారు. గేర్‌బాక్సు, ముందు క్రౌన్, వెనక క్రౌన్ (అంటే ఇరుసుల దగ్గరి డిఫరెన్షియళ్లు), ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు అన్నీ కలిపి లక్షా పది వేలకు అంచనా రాసిచ్చారు. ఆ కాగితం గల్లాపెట్టెలో ఉంది. బేరం లేని మధ్యాహ్నాల్లో తీసి చదువుకుంటూ ఉంటాను.

ట్రాక్టర్లకు 90 నంబరు గేరు ఆయిల్ ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు. కింద విప్పడం, కార్చడం, బిగించడం, పైన పోయడం. ఇదీ అంతే కదా అనిపిస్తోంది. కానీ దీనికి గేజి పుల్ల లేదట. మరి లెవెలు ఎలా తెలుస్తుంది? గోదాము ముందు షెడ్డు ఉంది. నీళ్లు పోవడానికి నేల కొంచెం వాలుగా వేయించాను. ఒక పక్క తాడిపత్రి బండలు పేర్చి ఎత్తు సరిచేద్దామని ఆలోచన. వచ్చే ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూశాక మొదలుపెడదామనుకుంటున్నాను.

ఇంకో సంగతి. రెండు నెలలుగా ఇంటి గేటు దగ్గర పూర్తిగా స్టీరింగు తిప్పి నెమ్మదిగా లోపలికి తెస్తుంటే బండి వణుకుతోంది, బిగుసుకుపోతోంది. రెండు వెనక చక్రాలనూ ఒకే వేగంతో తిరిగేలా కట్టేసే డిఫరెన్షియల్ లాక్ వేసి మరిచిపోయి ట్రాక్టరు మలిపితే ఎలా మొరాయిస్తుందో, అచ్చం అలాగే. కొత్త ఆయిల్ పోస్తే అదీ పోతుందా?

దారిన పోయే దానయ్య:

అంత ఖరీదైన బండి కొని ఆయిల్ దగ్గర ఆదా చేయాలనుకోవడం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే. ఎలాగూ మీ ఇంట్లో పేరు కూడా అదే పెట్టారు. లక్షా పది వేలు కట్టి హాయిగా పడుకోండి.

తుంగభద్ర ఒడ్డు, కర్నూలు:

పై సలహా చులకనగా ఉన్నా పూర్తిగా కొట్టిపారేయకండి. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మాది వేరే కంపెనీ బండి, కానీ ఇంత పెద్దదే. మా తమ్ముడు వీడియోలు చూసి, సెలవులకు వచ్చినప్పుడు వెనక డిఫరెన్షియల్ ఆయిల్ తానే మారుస్తానన్నాడు. కింది ప్లగ్గు విప్పాడు. నల్లటి ఆయిల్ అంతా చక్కగా తొట్టిలోకి దిగింది. ఇల్లంతా గంధకం కంపు. తరువాత పోసే ప్లగ్గు విప్పబోయాడు. రాలేదు. అలెన్ కీకి పైపు తొడిగి బలంగా తిప్పాడు. ప్లగ్గు కదలలేదు గానీ దాని లోపలి ఆరు పలకలు అరిగి గుండ్రంగా అయిపోయాయి. ఇక పోయడానికి దారి లేదు, ఆయిల్ లేకుండా నడపడానికి వీలు లేదు. బండి ఎనిమిది రోజులు వరండా ముందు జాకీల మీదే ఉంది. ఆ వారంలోనే నంద్యాలలో మా చిన్నాన్న కూతురి పెళ్లి. బస్సులో వెళ్లాం. పెళ్లిలో ప్రతి ఒక్కరూ ‘బండి ఏమైంది’ అని అడిగేవారే. వాడు ఒక్కరికీ నిజం చెప్పలేదు.

చివరికి లేత్ షాపు నుంచి ఒక పెద్దాయన వచ్చి, అరిగిన ప్లగ్గు మీద నట్టు పెట్టి వెల్డింగు చేసి, వేడి మీద ఉండగానే ఒక్క తిప్పుతో ఊడదీశారు. ఆయన ఆరు వందలు తీసుకున్నారు. పోతూ పోతూ ‘ముందు పోసేది విప్పాలి నాయనా, అది వచ్చాకే కార్చేది ముట్టుకోవాలి’ అన్నారు. మా తమ్ముడు ఇంజనీరు.

గువ్వలచెరువు ఘాట్, కడప:

అన్నా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జవాబు మీరే రాసేసి, మళ్లీ ఆయిల్ వెంట పడ్డారు. డిఫరెన్షియల్ లాక్ వేసిన ట్రాక్టరులా మొరాయిస్తోంది అన్నారు చూడండి, అక్కడ ఆగండి. మొదట టైర్లు ఎప్పుడు మార్చారో చెప్పండి. నాలుగూ ఒకేసారి మార్చారా, రెండేనా? ఒకే కంపెనీవా? నాలుగింటికీ అరుగుదల కొలిచి ఇక్కడ రాయండి. అది తేలేదాకా పానా చేతపట్టవద్దు.

నేను పద్నాలుగేళ్లు కువైట్‌లో పనిచేశాను, శువైఖ్‌లో కార్ల షెడ్లు ఉండే చోట. మా కడప వాళ్లకు ఆ ఊరు కొత్త కాదు. అక్కడ మా షెడ్డులో ఈ తరహా బండ్లు రోజుకు నాలుగైదు వచ్చేవి. కాబట్టి ఈ బండి విషయంలో నేను చెప్పేది విన్న మాట కాదు.

ఇంట్లో చేయవచ్చా అంటే, చేయవచ్చు. కానీ మీరు అనుకున్న ఆదివారం మధ్యాహ్నం మాత్రం చేయకూడదు. అనంతపురంలో మే నెలలో అసలు వద్దు. ఎందుకో చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో తొంభై పాళ్లు ఇదే. మిగతాది నట్లు విప్పడం, అది మీకు వచ్చు.

మీ బండిలో ఉన్నది జడ్ఎఫ్ అనే జర్మన్ కంపెనీ చేసిన ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. దానికి గేజి పుల్ల లేదు. పక్కన పోసే రంధ్రం ఉంది, ఆ రంధ్రం అంచే దాని లెవెలు. ఇంజను తిరుగుతుండగా, లోపలి ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఆ రంధ్రం నుంచి సన్నగా ధార కారి, బొట్లు బొట్లుగా మారే క్షణంలో ప్లగ్గు బిగించాలి. నేనైతే 40 దగ్గర బిగిస్తాను. ఆయిల్ వేడెక్కితే ఉబ్బుతుంది. ఇరవై డిగ్రీలు పెరిగితే ఆ గేర్‌బాక్సులో ఉన్న మొత్తానికి నూట ముప్పై మిల్లీలీటర్ల దాకా ఉబ్బు ఉంటుంది. మీరు 65 డిగ్రీల దగ్గర లెవెలు చూశారనుకోండి, ఉబ్బినదంతా కారిపోతుంది, నిండిందని మీరు ప్లగ్గు బిగిస్తారు. రాత్రి చల్లారాక లోపల ఆయిల్ తక్కువ. నాలుగు రోజుల తరువాత గేరు ఆలస్యంగా పడుతోందని, కొత్త ఆయిల్ పోస్తే గేర్‌బాక్సు పాడైందని ఊరంతా చెబుతారు.

ఇప్పుడు మీ ఆదివారం సంగతి. రేకుల షెడ్డు, మధ్యాహ్నం రెండు గంటలు, బయట 41 డిగ్రీలు. ఇంజను వేయకముందే ఆయిల్ 40 దగ్గర ఉంటుంది. ఇంజను వేసి గేర్లు మార్చి చూసేలోపు 50 దాటిపోతుంది. మీరు కింద పాకుతూ ప్లగ్గు వెతికే లోపల పని చేయి దాటిపోతుంది. కువైట్‌లో బయట 48 ఉండేది. మేము సాయంత్రం పాన్ (గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించి, ఆయిల్ కార్చి, కొత్త పాన్ బిగించి వదిలేసేవాళ్లం. లెవెలు మాత్రం ఫజర్ నమాజు అయ్యాక, తెల్లారేలోపు. ఆ పద్ధతి మన ఎండలకూ సరిపోతుంది. ఇంకా తొందర లేకపోతే డిసెంబరు దాకా ఆగండి. డిసెంబరు పొద్దుటి పూట మీ ఊళ్లో ఆయిల్ 20 దగ్గర మొదలవుతుంది, 40కి చేరేలోపు టీ కూడా తాగవచ్చు.

ఉష్ణోగ్రత ఎలా చూస్తారు అంటే, బండి కంప్యూటరుకు తగిలించే ఓబీడీ స్కానరుతో గేర్‌బాక్సు కంప్యూటరు చెప్పే అంకె చూడాలి. జ్వరం చూసే తుపాకీ లాంటిది పాన్ మీద పెట్టి చూసేవాళ్లు ఉన్నారు. ఆ పాన్ ప్లాస్టిక్కు. బయట ఒకటి, లోపల ఒకటి.

ఫిల్టరు ఆ ప్లాస్టిక్ పాన్‌లోనే అతికి ఉంటుంది, విడిగా రాదు. పాన్ మొత్తం కొత్తది వేయాలి. జడ్ఎఫ్ వాళ్లదే కిట్టు దొరుకుతుంది, పాన్, బోల్టులు, ఏడు లీటర్ల లైఫ్‌గార్డ్ 8 ఆయిల్ కలిపి. అదే కొనండి. ఇంకో ఆయిల్ దీనికి సరిపోతుందని ఎవరు చెప్పినా వినకండి. గేర్‌బాక్సులో మొత్తం ఎనిమిది, తొమ్మిది లీటర్లు ఉంటుంది. పాన్ దించితే ఐదారు వస్తుంది. మిగతాది ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టరులో ఉండిపోతుంది. ఉండనివ్వండి. మెషిను పెట్టి మొత్తం కడిగేస్తామంటారు, 94 వేలు నడిచిన పాత గేర్‌బాక్సుకు నేనైతే ఆ పని చేయను. మనసు ఒప్పకపోతే ఏడాది తరువాత ఇంకోసారి దించి పోయండి.

జీవితకాలం మాటకు వస్తే, గేర్‌బాక్సు తయారుచేసిన జడ్ఎఫ్ వాళ్లే 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటారు. మీరు రెండు లెక్కల్లోనూ వచ్చేశారు. ఆయిల్ మార్చాక గేర్‌బాక్సు పోయిందనే కథలు నేనూ చాలా విన్నాను. వాటిలో ఎక్కువ భాగం అప్పటికే జారుతున్న గేర్‌బాక్సులు. ఆఖరి రోజు ఆసుపత్రికి తెచ్చి డాక్టరు చంపాడన్నట్టు ఉంటుంది.

తాడిపత్రి బండల మాట. వద్దు. బరువు మోయలేదని కాదు, నమ్మలేం కనుక. ఆ బండ నేల మీద పరిస్తే వందేళ్లు ఉంటుంది. కింద ఖాళీ ఉండి, రెండు టన్నుల బండి బరువు ఒక అంచు మీద పడితే చెప్పకుండా విరుగుతుంది. అప్పుడు కింద ఉండేది మీరు. మీ దుకాణానికి వచ్చే లారీ షెడ్డువాళ్లు ఉంటారు కదా, వాళ్ల గుంత ఒక పూట అడగండి. గుంత గట్ల మీద రసమట్టం పెట్టి చూడండి. ముందుకు గాని వెనక్కి గాని వాలితే లెవెలు తప్పుతుంది. పైన సీట్లో ఒక మనిషి కూర్చోవాలి, బ్రేకు మీద కాలు తీయకుండా. గేరు ఆర్‌కు (రివర్సు), డీకి (ముందుకు) మార్చి, ఒక్కొక్క దగ్గర కొన్ని క్షణాలు ఆపుతూ ఉండాలి. ఇది ఒక్కడే చేసే పని కాదు. ఆ కూర్చునే మనిషి ఫోను చూసే రకం కాకుండా చూసుకోండి.

క్రౌన్లు తేలిక. పలుచని సింథటిక్ గేరు ఆయిల్, నంబరు మాన్యువల్‌లో ఉంటుంది, మీ 90 నంబరు కాదు. కొన్నిటికి కింద కార్చే ప్లగ్గు ఉండదు, పోసే రంధ్రంలోంచే పంపుతో పీల్చాలి. రంధ్రం అంచుదాకా నిండితే చాలు. కర్నూలు అక్క చెప్పినది గోడ మీద రాసి పెట్టుకోండి.

వేరుశనగ, అనంతపురం:

అన్నా, ఇప్పుడే కొలిచి వచ్చాను. ముందు రెండూ గత సంవత్సరం మార్చాను, 8 మిల్లీమీటర్లు ఉన్నాయి. వెనక రెండూ బండితో వచ్చినవే, వేరే కంపెనీవి, 3 మిల్లీమీటర్లు. టైర్ల షాపులో రెండు మార్చితే చాలన్నారు. నాకూ అప్పుడు అదే నచ్చింది. ఐదు మిల్లీమీటర్లకే ఇంత గొడవా? ట్రాక్టరుకు ముందో సైజు, వెనకో సైజు.

చాక్‌పీసు, కర్నూలు:

నేను మెకానికల్ పాఠాలు చెప్పేవాణ్ని, చేతులకు మసి అంటిన అనుభవం తక్కువ. లెక్క మాత్రం వేసి చూశాను. మీ టైరు 255/50 ఆర్19 అయితే వ్యాసార్ధం సుమారు 369 మిల్లీమీటర్లు. అందులో ఐదు తగ్గితే దాదాపు 1.4 శాతం. ఆ చక్రం కిలోమీటరుకు 430 చుట్లు తిరుగుతుంది. అంటే మీ వెనక చక్రాలు ముందు వాటికంటే కిలోమీటరుకు ఆరు చుట్లు ఎక్కువ తిరగాలి. మీరు బెంగళూరు వెళితే రెండు వందల కిలోమీటర్ల పైమాట, పన్నెండు వందల చుట్లు. ఆ తేడా ఎక్కడో ఒకచోట జారాలి కదా.

ట్రాక్టరులో ముందు, వెనక సైజులు వేరైనా గేర్ల నిష్పత్తి దానికి తగ్గట్టే లెక్కవేసి పెడతారు. మీ బండిలో నాలుగూ సమానమని నమ్మి చేశారు.

గువ్వలచెరువు ఘాట్, కడప:

మాస్టారు చక్కగా చెప్పారు. అవి జారేది ట్రాన్స్‌ఫర్ కేసులో. గేర్‌బాక్సు వెనకే ఉంటుంది. దాని లోపల ఆయిల్లో మునిగిన క్లచ్చు పలకలు, వాటిని నొక్కడానికి ఒక చిన్న మోటారు. ముందు చక్రాలకు బలం ఆ పలకల ద్వారానే వెళుతుంది. మామూలుగా నడిచేటప్పుడు కూడా ముందుకు నలభై, వెనక్కి అరవై పాళ్లు పంచుతూ ఉంటుంది. అంటే మీరు బండి తీసిన ప్రతిసారీ ఏడాదిగా ఆ పలకలు రాసుకుంటూనే ఉన్నాయి. ఆ పొడి అంతా ఎక్కడికి పోతుంది? అదే ఆయిల్లోకి. ఆ కేసులో ఉండేది అర లీటరు పైచిలుకే. టీ గ్లాసులు లెక్కపెడితే ఆరేడు. గేటు దగ్గర పూర్తిగా తిప్పినప్పుడు నాలుగు చక్రాలూ నాలుగు వేగాలు కోరతాయి, జారాల్సిన పలకలు ఆ మురికి ఆయిల్లో పట్టేస్తాయి. అదే మీ డిఫరెన్షియల్ లాక్.

కాబట్టి వరుస మార్చండి. మొదట టైర్లు నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రకంవి. తరువాత ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్, ఇది డిసెంబరు దాకా ఆగకూడదు. దీనికి ఉష్ణోగ్రత బాధ లేదు, రంధ్రం అంచుదాకా నింపడమే. ఈ కేసుల్లో రకాలు ఉన్నాయి, ఒకదాని ఆయిల్ ఇంకోదానికి పనికిరాదు. ఛాసిస్ నంబరు చెప్పి కొనండి. పోశాక స్కానరుతో ఆయిల్ మార్చినట్టు కంప్యూటరుకు చెప్పాలి. అది పాత ఆయిల్ ఎంత అరిగిందో లెక్క కడుతూ, దాన్నిబట్టే పలకలను నొక్కుతూ ఉంటుంది. చెప్పకపోతే కొత్త ఆయిల్ మీద పాత లెక్కే నడుస్తుంది. చాలామంది ఇది మరిచిపోయి, వణుకు పోలేదని మళ్లీ డబ్బులు పెడతారు.

గేర్‌బాక్సు చలికాలంలో చూసుకుందాం.

దారిన పోయే దానయ్య:

టైర్లకే లక్ష దాటుతుంది. ఏనుగు అన్న మీ ఆవిడకు నా నమస్కారం చెప్పండి.

వేరుశనగ, అనంతపురం (ఏడు నెలల తరువాత):

ఇంతమంది సమయం పెట్టి రాసినందుకు ఏం జరిగిందో చెప్పడం బాధ్యత.

జూన్‌లోనే నాలుగు టైర్లు మార్చాను. ఆ వారమే ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ మా షెడ్డులోనే, చక్రాలు నేల మీద ఉండగానే, పక్క నుంచి చేయి పెట్టి మార్చాను. వచ్చిన ఆయిల్ చూసి మా కుర్రాడు ఇంజన్ ఆయిల్ అనుకున్నాడు, అంత నలుపు. స్కానరు ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి కంప్యూటరుకు చెప్పించాను. ఆ సాయంత్రం గేటు దగ్గర స్టీరింగు పూర్తిగా తిప్పాను. ఏమీ లేదు. నాలుగుసార్లు బయటికి తీసి నాలుగుసార్లు లోపలికి తెచ్చాను. ఎదురింటివాళ్లు ఏం పోయింది, ఏం వెతుకుతున్నారు అని అడిగారు.

మొన్న డిసెంబరు రెండో ఆదివారం గేర్‌బాక్సు. తెలిసినవాళ్ల లారీ షెడ్డు గుంతలో, శనివారం సాయంత్రం పాన్ దించాం. ముందు పోసే ప్లగ్గు, కర్నూలు అక్కకు దండం పెట్టుకుని. వచ్చింది ఐదున్నర లీటర్ల లోపు. పాన్ అయస్కాంతాల మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంది, వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలలేదు. ఇనుప ముక్కలేవీ లేవు. ఫొటో కడప అన్నకు పంపితే, మెత్తగా ఉంటే మామూలు అరుగుదలే, దిగులుపడవద్దన్నారు.

ఆదివారం తెల్లవారి ఐదున్నరకు లెవెలు. స్కానరు 19 చూపించింది. పైన మా ఆవిడ కూర్చుంది. ఫోను చూడదు కాబట్టి ఆమెనే ఎంచుకున్నాను. ఆర్, డీ, మళ్లీ ఆర్ అని నేను కింద నుంచి అరవడం, ఆమె పైనుంచి ‘ఎన్నిసార్లయ్యా’ అనడం. 38 దగ్గర ప్లగ్గు విప్పాను. ధార రాలేదు. అంటే ఇంకా తక్కువ ఉంది. పంపుతో పోస్తూ ఉంటే 41 దగ్గర ధార మొదలైంది, 43కు బొట్లయింది. బిగించాను. చేతులు వణికాయి, చలికి అని చెప్పాను.

నాలుగు వందల కిలోమీటర్లు నడిపాను. రెండో గేరు నుంచి మూడోకు మారేటప్పుడు ఇదివరకు చిన్న తోపు ఉండేది, ఇప్పుడు అది లేదు. మా ఆవిడకు ఏమీ తేడా తెలియడం లేదట. గేర్‌బాక్సు కిట్టు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు క్రౌన్లు, స్కానరు అతని కూలి, గుంత యజమానికి బిర్యానీ కలిపి నలభై ఒక్క వేలు. టైర్ల ఖర్చు ఇందులో కలపలేదు, కలపమని దానయ్య గారు అంటారని తెలుసు.

ఒక్కటే మిగిలింది. పాత ఆయిల్ అంతా డబ్బాల్లో ఉంది. మా దుకాణం దగ్గర రైతులు కంచె గుంజలకు చెదలు పట్టకుండా పూసుకోవడానికి అడుగుతారు. ఇవ్వవచ్చా?

చాక్‌పీసు, కర్నూలు:

ఇవ్వకండి. వాడిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. గుంజకు పూసినది వానకు నేలలోకి దిగుతుంది. మీ జిల్లాలో బోరు నీళ్లు ఎంత లోతుకు వెళితే దొరుకుతున్నాయో మీకే బాగా తెలుసు. లారీ షెడ్ల నుంచి పాత ఆయిల్ కొని శుద్ధికి పంపే లైసెన్సు వ్యాపారులు ఉంటారు, గుంత ఇచ్చిన ఆయన్నే అడగండి.

గువ్వలచెరువు ఘాట్, కడప:

అవును, ఇవ్వవద్దు. ఒక చిన్న సీసాలో మాత్రం పాత గేర్‌బాక్సు ఆయిల్ దాచి, మీద తేదీ, కిలోమీటర్లు రాసి పెట్టండి. మళ్లీ మార్చినప్పుడు పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి. ఈసారి కడప మీదుగా రాయచోటి వెళ్లే పని పడితే చెప్పండి, ఘాట్‌లో బండి నేను నడిపి చూస్తాను. గువ్వలచెరువులో తినే కోవా ఖర్చు మీది.